మూడో గొట్టం మీద పేరు

మూడు గొట్టాల తుపాకీలో మొదటిది అడవిపందికి, రెండోది దొంగకు పోగా, మూడోది ఆ ఇంటి మనిషికే ఎందుకు ఉండాలన్న అనుమానం మద్దిలేటికి చాలా ఏళ్లుగా ఉంది. అనుమానమే గాని అభ్యంతరం కాదు. పెద్దలు ఆలోచించకుండా ఏ ఏర్పాటూ చేయరనీ, తనకు అర్థం కానంత మాత్రాన అందులో అర్థం లేదనుకోవడం అహంకారమనీ అతని నమ్మకం. అహోబిలం కొండ మీద నరసింహస్వామి ముందు కళ్లు మూసుకుని నిలబడినప్పుడు కూడా ఒక్కోసారి ఈ ప్రశ్న మనసులో మెదిలేది. స్వామి గడప మీద కూర్చుని గోళ్లతోనే పని కానిచ్చాడు. ఆయనకు ఒక్క గొట్టం కూడా అవసరం పడలేదు. అయినా దేవుడితో పోల్చుకోవడం మర్యాద కాదని మద్దిలేటి తీర్థం పుచ్చుకుని బయటికి వచ్చేసేవాడు.

నల్లమల అంచున ఉన్న జమ్ములదిన్నెలో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఈ తుపాకీ ఉంది. కొనితీరాలని ఏ నిబంధనా లేదు. మద్దిలేటి తండ్రి కొన్నది ఎదురింటి పక్కీరప్ప తండ్రి కొన్నాడని. పక్కీరప్ప తండ్రి కొన్నది, మద్దిలేటి తండ్రి కొనబోతున్నాడని ఎవరో చెప్పగా విని. మిగతా ఊరు ఈ రెండిళ్లనూ చూసి కొనుక్కుంది.

ఏటా ఉగాది వెళ్లాక మండల తుపాకుల కార్యాలయం వారు ఊళ్లో ఒక సభ పెట్టేవారు. సూపరింటెండెంటు చక్రపాణి మైకు ముందు నిలబడి, వేటకొకటి, ఇంటి కాపలాకొకటి అంటూ రెండేసి తుపాకులు మోసే రోజులు పోయాయనీ, ఒకే కర్రకు మూడు గొట్టాలు బిగించడం వల్ల సామాన్యుడికి ఎంతో కలిసివస్తుందనీ చెప్పేవాడు. తుపాకీ రెండేళ్ల బిడ్డంత బరువు ఉంటుందన్న మాట నిజమే గాని, రెండేళ్ల బిడ్డను ఎవరు ఎత్తుకోవడం లేదని అడిగేవాడు. జనం చప్పట్లు కొట్టి, పంచిన మజ్జిగ తాగి ఇళ్లకు పోయేవారు.

మొదటి గొట్టంతో ఊళ్లో ఇంతవరకు ఒక్క పందీ చావలేదు. పంది చేలో పడ్డాక కార్యాలయానికి అర్జీ పెట్టుకోవాలి. అనుమతి వచ్చేదాకా పంది చేలోనే ఉండాలి. పందులు సాధారణంగా అంతసేపు ఆగవు. ఒకసారి ఒకటి ఆగింది గాని, అనుమతిలో ఆడపంది అని ఉండి, చేలో ఉన్నది మగది కావడంతో దాన్ని సాగనంపాల్సి వచ్చింది. మద్దిలేటి తమ్ముడు ఓబులేసు బుడ్డల చేలో, అంటే వేరుశనగ చేలో, మంచె కట్టుకుని పాత నూనెడబ్బా వాయించేవాడు. పందులు డబ్బా చప్పుడుకే పోయేవి. మంచె మీదకు తీసుకుపోయిన తుపాకీ ఒక మూల ఆనించి ఉండేది. దాని మొదటి గొట్టంలో కుమ్మరిపురుగు మట్టిగూడు కట్టుకుంది.

రెండో గొట్టానికి దొంగ దొరకలేదు. తుపాకీ పొడుగు, ఇళ్ల ద్వారాలు కురచ. నడవలో దాన్ని వీధివైపు తిప్పాలంటే ముందు ఉట్టి దించాలి, దండెం విప్పాలి, నిద్రపోతున్నవాళ్లను లేపి పక్కకు జరపాలి. పైగా ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఊళ్లో తుపాకులన్నీ పోలీసు స్టేషనులో అప్పగించి రావాలి. దొంగలకు ఎన్నికల తేదీలు బాగా గుర్తుంటాయి. సర్పంచి ఎన్నికలప్పుడు మద్దిలేటి ఇంట్లో రెండు రాగిబిందెలు పోయాయి. తుపాకీ మాత్రం స్టేషనులో భద్రంగా ఉంది.

ఈ రెండు గొట్టాల్లో ఏది పేలాలో చెప్పడానికి ఒక చిన్న మీట ఉంటుంది. మూడోదానికి మీట లేదు. పెట్టాల్సిన అవసరం రాలేదు. గుడ్డతో తుడుస్తుంటే అది పేలుతుంది. గోడ మీంచి దించుతుంటే పేలుతుంది. పిల్లలు ఆడుకుంటుంటే పేలుతుంది. అన్నదమ్ములు చేని గెనుం గట్టు దగ్గర మాటామాటా అనుకుని ఇంటికొస్తే పేలుతుంది. వానలు లేని ఏడు మనిషి ఒక్కడే కూర్చుని దాని వంక చూస్తూ ఉంటే పేలుతుంది. ఇంటి మనిషిని తప్ప వేరెవరినీ తాకదు. గురి తప్పిందన్న ఫిర్యాదు ఇంతవరకు ఒక్కటీ రాలేదు.

పూర్వం ఈ మూడో గొట్టం తన ఇష్టం వచ్చినట్టు చేసేదట. ఎవరు పోతారో తెలియక ఇళ్లలో ఏ పనీ ముందుగా అనుకోవడానికి వీలుండేది కాదు. అందుకని తుపాకుల కార్యాలయం దాన్ని క్రమపద్ధతిలోకి తెచ్చింది. ఇంట్లో ఎవరో ఒకరి పేరు ఆ గొట్టం మీద చెక్కించాలి. చెక్కిస్తే అది ఆ మనిషినే తీసుకుంటుంది. చెక్కించకపోతే తానే ఎంచుకుంటుంది. అది ఎంచుకుంటే ఎక్కువగా చిన్నవాళ్లనే ఎంచుకుంటుందని ఊరందరికీ తెలుసు, ఇంట్లో ఎక్కువగా అటూ ఇటూ తిరిగేది వాళ్లే కాబట్టి. లైసెన్సు ఎవరిదో వారి పేరు మాత్రం చెక్కకూడదు. జరిగిన తర్వాత సంతకం పెట్టడానికి ఒకరు మిగలాలి.

మద్దిలేటి ఇంట్లో లైసెన్సు అతనిది, గొట్టం మీద పేరు తండ్రిది. ముసలాయన ఏళ్ల తరబడి ఆ తుపాకీ కిందనే మంచం వేసుకుని పడుకున్నాడు. చివరికి కామెర్లతో పోయాడు. కార్యాలయం వారు దీన్ని వాడని పేరుగా లెక్కకట్టి, అరగదీయించి, దసరా లోపల కొత్త పేరు చెక్కించుకోమని కబురు పెట్టారు.

ఇంట్లో ఇక ఉన్నది మద్దిలేటి భార్య సుంకమ్మ, ఇంటరు చదువుతున్న కూతురు నాగవేణి, తమ్ముడు ఓబులేసు. సాయంత్రం అన్నాలు తింటుండగా ఆ మాట వచ్చింది.

"నా పేరు రాపియ్యి," అంది సుంకమ్మ చారు పోస్తూ. అడుగున మిగిలిన కూర తన కంచంలో వేసుకునేటప్పుడు ఏ గొంతుతో మాట్లాడుతుందో అదే గొంతుతో అంది.

"నువ్వు పోతే వండేదెవురు వదినా? అన్న చేతి వంట తినేదానికంటే ఆ గుండు తినేదే మేలు," అన్నాడు ఓబులేసు. "నాది రాపియ్యి అన్నా. ఇంత వయసొచ్చినా నా పేరు పెండ్లిపత్రికలో పడలే. తుపాకీ మీదన్నా పడనీ."

నాగవేణి పొలమారేంతగా నవ్వింది. "దగ్గరుండి రాపిచ్చుకో చిన్నాయనా. రేషన్ కార్డులో నిన్ను ఆడోళ్లలో ఏసినారు."

"అందుకే గదమ్మీ సంబంధాలు రాల్యా."

మద్దిలేటి నవ్వలేదు. ఓబులేసు పుట్టిన కొద్ది రోజులకే తల్లి పోయింది. అప్పటికి తానే చిన్నవాడైన మద్దిలేటి ఆ పసివాణ్ణి చంకన వేసుకుని ఊళ్లో పాలున్న ప్రతి గడపా ఎక్కాడు. ఎక్కడికి వెళ్లినా ఆ వైపు భుజం ఇప్పటికీ కాస్త వంగే ఉంటుంది.

"ఎవురి పేరూ రాపియ్యను," అన్నాడు.

నాగవేణి చేయి కడుక్కోవడానికి లేచేదాకా ఓబులేసు ఆగి, గొంతు తగ్గించాడు. "అట్లంటే పాపను ఎంచుకుంటాది అన్నా."

"ఎంచుకోనియ్యను."

మర్నాడు బస్సెక్కి కార్యాలయానికి వెళ్లాడు. చక్రపాణి మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించి, ఇంటిల్లిపాదీ కులాసాయేనా అని అడిగాడు.

"తుపాకీ వాపసు ఇచ్చేస్తా సార్," అన్నాడు మద్దిలేటి.

"నిరభ్యంతరంగా ఇవ్వొచ్చు. బలవంతం లేదు. కాకపోతే వాడని తుపాకీ తీసుకోవడానికి వీల్లేదు. అక్కర్లేనివాడు ఎందుకు కొన్నాడని మమ్మల్ని పైనుంచి అడుగుతారు. ఒకసారి వాడి తెచ్చివ్వండి."

"వాడేదంటే, ఏ గొట్టమైనా సరేనా సార్?"

"ఏదైనా సరే. పందిని కొట్టండి, దొంగను కొట్టండి. మాకూ సంతోషమే. నేను ఉద్యోగంలో చేరింది మొదలు రిపోర్టులో ఆ రెండు గడులూ ఖాళీగానే పంపిస్తున్నాను." చక్రపాణి గొంతులో నిజమైన విచారం ఉంది.

మద్దిలేటి నీళ్లు తాగి, గ్లాసు బోర్లించి, దండం పెట్టి వచ్చేశాడు. దారి పొడవునా స్వామిని తలచుకున్నాడు. ఊరి మలుపు దగ్గర అతనికి ఒక ఆలోచన తట్టింది. దాన్ని తన తెలివి అనుకోకుండా స్వామి దయ అనుకున్నాడు.

మహర్నవమి నాడు జమ్ములదిన్నెలో పనిముట్లకు పూజ చేస్తారు. నాగలి, కొడవలి, కుట్టుమిషను, పిల్లల పుస్తకాలు, తుపాకీ, అన్నిటినీ కడిగి వరసగా పెట్టి, పసుపు కుంకుమలు అద్ది, ముందర కలశం నిలుపుతారు. ఆ రోజు వాటితో ఎవరూ పని చేయరు. మర్నాడు ఇంటి యజమాని కలశాన్ని కొంచెం కదిపి ఉద్వాసన చెబుతాడు, అంటే దేవతను వెళ్లిరమ్మని సాగనంపుతాడు. అప్పటినుంచి నాగలి మళ్లీ నాగలి అవుతుంది, కొడవలి మళ్లీ కొడవలి అవుతుంది. ఉద్వాసన చెప్పేదాకా అవి దేవుడి సొత్తే.

ఆ ఏడు మద్దిలేటి మిగతా వస్తువులను తీసి పక్కన పెట్టి, తుపాకీ ముందున్న కలశాన్ని కదపలేదు. మర్నాడూ కదపలేదు. పొద్దున్నే తలస్నానం చేసి దీపం వెలిగించి, బెల్లంముక్క నైవేద్యం పెట్టి, దండం పెట్టుకుని చేనికి పోయేవాడు. దేవుడి గూట్లో తుపాకీ మూడు బొట్లతో నిలబడి ఉండేది.

గడువు దాటాక చక్రపాణి స్వయంగా వచ్చాడు. చెప్పులు వీధిలో విడిచి, కాళ్లు కడుక్కుని, గూటి ముందు నిలబడ్డాడు. దీపం వెలుగుతోంది. నిబంధనల పుస్తకం తీసి చాలాసేపు చూశాడు.

"పూజలో ఉన్న ఆయుధాన్ని వాడుకలో లేనట్టే భావించాలి అని ఉంది. పూజ ఎన్నాళ్లు చేయాలో రాయలేదు," అన్నాడు.

"అయితే పేరు అక్కర్లేదా సార్?"

"దీపం వెలుగుతున్నంత వరకు అక్కర్లేదు." ప్రసాదం కళ్లకద్దుకుని తిని, సైకిలు మీద వచ్చిన గుమాస్తాను వెనకేసుకుని వెళ్లిపోయాడు.

ఈ సంగతి వీధంతా పాకింది. ముందుగా పక్కీరప్ప వచ్చాడు. మద్దిలేటి కంటే పెద్దవాడు, వరసకు మామ.

"ఏం మద్దిలేటీ, కలశం కదపకుంటే ఊరకుంటుందంటనే?"

"ఇంతవరకు ఊరకే ఉండాది మామా."

"నేను మర్నాడే కదిపేస్తినే. మళ్లా పెడితే తప్పా?"

"మంచిరోజు చూసి పెట్టుకో. స్వామి ఏమనుకుంటాడు."

పక్కీరప్ప పెట్టుకున్నాడు. తర్వాత వీధి, ఆ తర్వాత ఊరు పెట్టుకుంది. కార్తీకం, మార్గశిరం వెళ్లిపోయాయి. పందులు బుడ్డలు తిన్నాయి, డబ్బా విని పోయాయి. మూడో గొట్టాలు అన్నీ దీపాల వెలుగులో బొట్లు పెట్టుకుని నిలబడ్డాయి. ఊళ్లో ఆ కాలంలో ఒక్క చావు కూడా జరగలేదు. సాయంత్రాలు మద్దిలేటి అరుగు మీద కూర్చుని, తమ్ముడు నాగవేణికి డబ్బా వాయించడం నేర్పుతుంటే విని, అదే సంగీతమనుకుని తల ఊపేవాడు. తుపాకుల కార్యాలయంలో ఎవరూ కంగారు పడలేదు. వాళ్లకూ ఇళ్లున్నాయి, వాళ్లకూ ఆచారాలు తెలుసు.

ఉగాదికి కొంచెం ముందు పాలకుంటలో ఒక చావు జరిగింది. అక్కడ మద్దిలేటికి దాయాదుల ఇల్లు ఒకటుంది. కలశం సంగతి ఆ ఊరిదాకా ఇంకా పోలేదు. వాళ్ల గొట్టం మీద పెద్దకోడలి పేరు ఉంది. ఆ అమ్మాయి ఇల్లు అలుకుతూ, అడ్డంగా ఉందని తుపాకీని పక్కకు జరిపింది. కబురు తెచ్చినవాడు వీధిలోనే నిలబడి చెప్పి, నీళ్లు కూడా తాగకుండా పక్క ఊరికి పోయాడు.

దాయాది చనిపోతే పది రోజులు మైల. ఆ పది రోజులూ ఇంట్లో పూజ ఉండదు, దేవుడి ముందు దీపం పెట్టకూడదు. మద్దిలేటి మొదట చనిపోయిన పిల్ల కోసం ఏడ్చాడు. ఆ తర్వాత అతని చూపు గూటి మీద పడింది. దీపంలో నూనె అయిపోవస్తోంది. పోయడానికి అతనికి అర్హత లేదు. చూస్తుండగానే అది కొండెక్కింది.

చక్రపాణి మర్నాడే వచ్చాడు. మైల ఇల్లు కాబట్టి లోపలికి రాకుండా వాకిట్లో నిలబడ్డాడు.

"పూజ ఆగింది కాబట్టి ఆయుధం వాడుకలోకి వచ్చినట్టే. పేరు కావాలి."

"పది దినాలే సార్. శుద్ధి అయిన పొద్దుకే దీపం పెడతా. అంతవరకు ఆగండి."

"నేను ఆగుతాను మద్దిలేటి గారూ. ఆగాల్సింది నేను కాదు కదా."

"పక్కీరప్ప మామకు మైల లేదు. ఆయప్పతో దీపం పెట్టిస్తే?"

చక్రపాణి నొచ్చుకున్నాడు. "మైల ఇంట్లో బయటివాళ్ల చేత దీపం పెట్టిస్తారా ఎక్కడైనా? మీ ఆచారాన్ని మీరే తప్పితే ఎట్లా? మేం ఆచారాలను గౌరవించేవాళ్లం."

మద్దిలేటి తల వంచుకున్నాడు. అడగకూడని మాట అడిగినందుకు సిగ్గు కూడా పడ్డాడు. నాగవేణిని మేనమామ ఊరికి పంపుదామని సుంకమ్మ అంది. పంపి లాభం లేదని ఇద్దరికీ తెలుసు. ఇంటి మనిషి ఎక్కడికి పోయినా మూడో గొట్టం తిరిగొచ్చేదాకా ఆగుతుంది. దానికి తొందర లేదు.

ఆ పూటే ఓబులేసు తుపాకీని దుప్పట్లో చుట్టి భుజానికెత్తుకున్నాడు. "మైలలో దేవుని గూట్ల ఉండగూడదు గదన్నా. టౌనుకు పొయ్యి నూనె పెట్టిచ్చుకొస్తా," అన్నాడు. అది సబబుగానే తోచి మద్దిలేటి సరేనన్నాడు.

టౌనులో బస్టాండు పక్కన స్టీలుసామాన్ల అంగడి ముందర ఖాజా సాయిబు చిన్న మిషను పెట్టుకుని పెళ్లిపాత్రల మీద పేర్లు చెక్కుతాడు. తుపాకీ గొట్టాల మీదా అతనే చెక్కుతాడు. రెండింటికీ అదే మిషను.

"ఏం రాయల్లప్పా?"

"ఓబులేసు అని రాయి. ముందర ఇంటిపేరు ఎయ్యి. జమ్ములదిన్నె అని కూడా ఎయ్యి, పట్టేంత జాగా ఉంటే."

"ఎవరీయన? మీ అబ్బనా?"

"నేనే."

ఖాజా సాయిబు మిషను ఆపి అతని మొహం చూశాడు. "పెండ్లి అయ్యిందా?"

"యాడ. నా పేరు చెక్కేది నువ్వే మొదలు."

"అయితే కింద పువ్వు ఏస్తా. కొత్తగా పెండ్లి అయినోళ్ల బిందెలకు ఏస్తాం సూడు, అట్లాంటిది. దానికేం ఇయ్యొద్దులే," అని ఖాజా సాయిబు మిషను ఆన్ చేశాడు. గొట్టం సన్నగా జుమ్మంది.

ఇంటికొచ్చాక దుప్పటి విప్పింది సుంకమ్మ. ముందు పువ్వు చూసింది. తర్వాత పేరు చదివి, మెట్టు మీద కూర్చుండిపోయింది. మద్దిలేటి లోపలికి పోయి కొడవళ్లకు పదును పెట్టే ఆకురాయి తెచ్చి, గొట్టాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని రుద్దడం మొదలుపెట్టాడు. అక్షరాలు లోతుగా ఉన్నాయి. ఖాజా సాయిబుది మంచి చెయ్యి.

ఓబులేసు పక్కన కూర్చుని కాసేపు చూశాడు. "పువ్వు అరిగించాకన్నా. ఊరికే ఏసినాడు."

"ఎవురు పొమ్మన్నార్రా నిన్ను?"

"ఎవురూ పొమ్మనలే."

"నన్ను అడగల్ల గదా! నేను సచ్చినానా?"

"అడిగితే పోనిస్తావా?" ఓబులేసు అన్న చేతిలోంచి ఆకురాయి మెల్లగా లాక్కున్నాడు. "పాప పేరు పడగూడదు గదా. నువ్వే అంటివి ఎంచుకోనియ్యనని. ఎట్ల ఎంచుకోనియ్యకుండా ఉంటావు, దాని ముందర కూసోనా? పది దినాలు నేను దాని పక్కకు పోను. శుద్ధి కాంగానే దీపం పెడదువు. ఆ మీన్నుంచి పేరుంటే ఏంది, లేకుంటే ఏంది."

ఇందులో తప్పేమీ కనబడలేదు మద్దిలేటికి. పది రోజులు తమ్ముణ్ణి కంటికి రెప్పలా చూసుకున్నాడు. తుపాకీని అటక మీద పెట్టి, నిచ్చెన తీసి పక్కింట్లో ఇచ్చాడు. అన్నం నడవలో కాకుండా వాకిట్లో పెట్టించాడు. ఓబులేసు గట్టిగా తుమ్మినా ఉలిక్కిపడేవాడు. "నువ్వు ఇట్ల సూస్తాంటే గుండుతో పనిలేదన్నా, సిగ్గుతోనే పోతా," అని ఓబులేసు నవ్వించబోయేవాడు.

పదో రోజు శుద్ధి. దాయాదుల మగవాళ్లందరూ వాగులో తలస్నానాలు చేశారు. సుంకమ్మ, నాగవేణి ఇల్లు కడిగి, పేడతో అలికి, ముగ్గు వేశారు. మద్దిలేటి వాగునుంచి వస్తూ కలశంలోకి మామిడాకులు కోసుకురావడానికి తోట దారి పట్టాడు. ఓబులేసు తడి పంచెతోనే ముందుగా ఇంటికి వచ్చాడు. అన్న వచ్చీరాగానే పూజ మొదలవ్వాలని, పక్కింటి నుంచి నిచ్చెన తెచ్చుకుని, అటక మీంచి తుపాకీ దించి, పది రోజుల దుమ్ము తుడిచి, గూట్లో పెట్టబోయాడు. తల ఇంకా ఆరలేదు.

మామిడాకులు పట్టుకుని వచ్చిన మద్దిలేటి వాకిట్లో ముగ్గు దగ్గరే ఆగిపోయాడు. లోపల సుంకమ్మ అరుపు వినిపిస్తోంది. అతనికి మొదట గుర్తొచ్చింది ఆకులు కింద పెట్టకూడదని. వాటిని పట్టుకునే చాలాసేపు నిలబడ్డాడు.

ఓబులేసు పోవడంతో దాయాదుల ఇళ్లన్నిటికీ మళ్లీ పది రోజుల మైల వచ్చింది. ఆ పొద్దునే వెలిగించిన దీపాలను అన్ని ఇళ్లలోనూ కొండెక్కనిచ్చారు. అందులో కొన్ని ఇళ్లలో పేర్లు చెక్కించుకున్నారు, కొన్ని ఇళ్లలో తటపటాయించారు. ఆ పది రోజుల్లో ఏ ఇంట్లో ఏం జరిగిందో, దానివల్ల ఇంకే ఇళ్లలో దీపాలు ఆరాయో ఇక్కడ చెప్పుకుంటూ పోతే తెగదు.

పదకొండో రోజు తిథి అయ్యాక చక్రపాణి వచ్చాడు. విచారం తెలిపి, తుపాకీని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, మూడో గొట్టం తృప్తికరంగా పనిచేసినట్టు రాసుకున్నాడు. చూపించిన చోట మద్దిలేటి సంతకం పెట్టాడు.

"సార్, ఒక్కమాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. చానా ఏండ్లసంది అడగల్లనుకుంటాండా. మూడో గొట్టం ఇంటి మనిషికే ఎందుకు సార్?"

ఇంత తేలిక ప్రశ్న ఎవరూ అడగనందుకు చక్రపాణి ఆశ్చర్యపోయినట్టు కనిపించాడు. "పంది ఎక్కడుంటుంది? అడవిలో. దొంగ ఎక్కడుంటాడు? వాడింట్లో. తుపాకీ ఎక్కడుంది? మీ ఇంట్లో. మరి మీ ఇంట్లో ఉండేది ఎవరు చెప్పండి?"

మద్దిలేటి ఆలోచించాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఏళ్లుగా మోసిన అనుమానం తీరినందుకు మనసు తేలిక పడుతుందేమోనని కాసేపు ఆగి చూశాడు. పడలేదు.

"ఇక మీ తుపాకీ వాడినట్టే లెక్క," అన్నాడు చక్రపాణి. "అప్పుడు వాపసు ఇస్తానన్నారు. ఇవ్వదలచుకుంటే ఇదిగో, ఇక్కడ సంతకం పెడితే ఇప్పుడే తీసుకుపోతాను."

మద్దిలేటి కలం అందుకున్నాడు. తలెత్తితే ఎదురింటి వాకిలి కనిపించింది. తెరిచిన తలుపులోంచి పక్కీరప్ప నడవ, నడవ గూట్లో దీపం వెలుగుకు మెరుస్తున్న తుపాకీ కనిపించాయి. దాని పక్కింట్లోనూ ఉంది. ఊరంతా ఉన్నదాన్ని తానొక్కడు లేకుండా చేసుకుంటే రేపు దొంగ ఏ ఇంటికి వస్తాడు? పంది ఎవరి చేలో పడుతుంది? ఇప్పుడు చేలో డబ్బా వాయించడానికి కూడా మనిషి లేడు. ఇవి తెలివితక్కువ ఆలోచనలని అతనికి తెలుసు. ఊళ్లో అందరికీ తెలుసు. మద్దిలేటి కలం తిరిగి ఇచ్చేశాడు.

"కొత్తపేరు?" అని అడిగాడు చక్రపాణి.

సుంకమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని ముందుకు వచ్చింది. గుళ్లో అర్చనకు పూజారితో చెప్పినట్టు, గోత్రంతో సహా తన పేరు చెప్పింది. లోపల నాగవేణి పుస్తకం తెరిచి పెట్టుకుని, అదే పేజీ చదువుతూ ఉంది.

దీపం మళ్లీ వెలిగించారు. కలశం ముందర తుపాకీ మూడు బొట్లతో నిలబడింది. పొద్దున్నే ఆ దీపంలో నూనె పోసేది సుంకమ్మే. ఆమె పోస్తుంటే మద్దిలేటి దండం పెట్టుకుంటూ, దూరపు దాయాదులందరి పేర్లూ ఒక్కొక్కటే తలచుకుని, వాళ్లను చల్లగా చూడమని స్వామిని వేడుకునేవాడు. అతనికి దాయాదులు ఎక్కువ.

ముంగారు వానలు మొదలయ్యే ముందు ఒక సాయంత్రం పక్కీరప్ప వీధి దాటి వచ్చాడు. గడప తొక్కకుండా అరుగు దగ్గరే ఆగాడు.

"లోపలికి రా మామా," అంది సుంకమ్మ.

"వద్దులేమ్మా, పురిటి అంటులో ఉండాం. కోడలు మొగపిల్లోన్ని కన్నది, వాళ్ల పుట్టింట్లో. నిన్ననే కబురొచ్చె."

"మంచి మాట చెప్పినావు మామా," అన్నాడు మద్దిలేటి. చావుకే కాదు, పుట్టుకకూ మైల ఉంటుందన్న సంగతి అతనికి అప్పుడు గుర్తొచ్చింది. ఎదురింటి వైపు చూశాడు. గూట్లో వెలుగు లేదు.

"పొద్దున టౌనుకు పొయ్యొస్తి," అన్నాడు పక్కీరప్ప. "లైసెన్సు మా కొడుకు పేర్న ఉండాది గదా. నా పేరైతేనే సరి. పసిబిడ్డ ఇంటికొచ్చే టయానికి గొట్టం ఖాళీగ ఉండగూడదు."

పక్కీరప్ప చంకలోని చిన్న సంచి తీసి అరుగు మీద పెట్టాడు.

"ఇవి మీ ఓబులేసువి. వానలు పోయిన ఏడు నా కాడ ఇత్తనం లేకుంటే తవ్వెడు బుడ్డలు ఇచ్చినాడు. మీకు కూడా చెప్పింటాడో లేదో."

"చెప్పలే," అంది సుంకమ్మ.

"ప్రతి పంటకూ ఇద్దామనుకుంటా, ఏదో ఒకటి అడ్డమొస్తాది. మనిషి ఒక్కనాడన్నా అడగలే. ఎదురుపడితే, ఏం మామా, నా బుడ్డలు నీ చేలో బాగున్నాయా అని మాత్రం నవ్వుతాండె." పక్కీరప్ప కండువాతో మొహం తుడుచుకున్నాడు. "అప్పు ఉంచుకొని పోగూడదు గదా."

సుంకమ్మ లోపలికి పోయి గింజలు కొలిచే తవ్వ తెచ్చింది. పక్కీరప్ప సంచి వంచి పోశాడు. గింజలు ఎర్రగా, నిండుగా ఉన్నాయి. తవ్వ నిండి పైకి గుట్ట కట్టింది. మద్దిలేటి అరచేత్తో అంచుకు సమంగా రాసి, పక్కన పడిన గుప్పెడు గింజలు ఎత్తి పక్కీరప్ప సంచిలో వేశాడు.

"అవి కూడా ఉండనీ, ఇన్నేండ్లాయె."

"వాడు ఇచ్చింది తవ్వెడే గదా మామా."

పక్కీరప్ప ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు. "ఇంగ నా మీద ఏం లేదు గదా మద్దిలేటీ?"

"ఏం లేదు మామా," అన్నాడు మద్దిలేటి. "తీరిపాయె."